ప్రాణవాయువు – ప్రాణాపాయము

నదిలోనో సముద్రములోనో మునిగిపోయినవారికై గాలింపు జరిగినప్పుడు, గజ ఈతగాండ్రు వీపున "ఆక్సిజన్ సిలిండర్లు" కట్టుకొని నీటిలోనికి దిగిరని వార్తలలో తరచు కనిపించును. ఆ మాట అక్షరాల నిజమైనచో వారిలో కొందరైన తిరిగి పైకి రారు. స్కూబా డైవర్లు మోసికొనిపోవు సిలిండర్లలో సాధారణముగ ఉండునది శుద్ధమైన ఆక్సిజన్, అనగా ప్రాణవాయువు, కాదు. తరగతి గదిలో పిల్లలు పీల్చు గాలియే. తేమను, నూనె తుంపరలను వడకట్టి, ఆ గాలిని సుమారు 200 వాతావరణ పీడనములకు అదిమి సిలిండరులో నింపుదురు. దానికి బదులు శుద్ధ ప్రాణవాయువును నింపుకొని 20 మీటర్ల లోతునకు దిగినవానికి కొద్ది నిమిషములలోనే మూర్ఛ రావచ్చును. నోటిలోని గొట్టము జారిపోయినచో ఆ తరువాత జరుగునది చెప్పనక్కరలేదు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. డైవరు లోతునుండి తొందరపడి పైకి వచ్చినప్పుడు, ఆతని రక్తములోను కండరములలోను కరిగియున్న నత్రజని బుడగలుగ వెలువడి కీళ్ళ నొప్పులను, ఒక్కొక్కప్పుడు పక్షవాతమును కలిగించును. అట్టివానిని ఉక్కుతో చేసిన ఒక పీడనగదిలో పరుండబెట్టి, గదిలోని పీడనమును 2.8 వాతావరణములకు పెంచి, శుద్ధ ప్రాణవాయువునే పీల్పించుదురు. 2.8 వాతావరణములనగా సముద్రములో 18 మీటర్ల లోతున ఉండు పీడనమే. వాయువు ఒకటే, పీడనమును ఒకటే. గదిలో దానిని గంటలకొలది పీల్చిన రోగి కోలుకొనుచున్నాడు. నీటిలో అదే లోతున అదే వాయువును పీల్చుటకు ఏ శిక్షకుడును అనుమతింపడు. ఈ తేడా ఎక్కడనుండి వచ్చినది?

జవాబు వెదకుటకు ముందు పాక్షిక పీడనము అను భావమును ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. వాయు మిశ్రమములో ప్రతి వాయువును, తాను ఒక్కటే ఉన్నట్లుగ, తన వంతు పీడనమును కలుగజేయునని జాన్ డాల్టన్ 1801లో చెప్పెను. గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళు. కనుక సముద్రమట్టమున దాని పాక్షిక పీడనము 0.21 వాతావరణము. శరీరము గుర్తించునది ఈ సంఖ్యనే గాని, నూటికి ఎన్ని పాళ్ళు అను లెక్కను కాదు. ఎవరెస్టు శిఖరముపైని గాలిలో కూడ ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళే ఉన్నది. అయినను అక్కడ మొత్తము పీడనము మూడవ వంతునకు పడిపోవుటచే ప్రాణవాయువు పాక్షిక పీడనము 0.07 అగును. అందుచేతనే అక్కడ మనిషి నాలుగడుగులు వేయుటకు ఆయాసపడును.

సముద్రములో దీనికి విపర్యయము. ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణ పీడనము అదనముగ చేరును. సాధారణమైన గాలిని పీల్చు డైవరుకు 10 మీటర్ల లోతున ప్రాణవాయువు పాక్షిక పీడనము 0.42, 40 మీటర్ల లోతున 1.05. అనగా 40 మీటర్ల లోతున గాలిని పీల్చుట, నేలమీద శుద్ధ ప్రాణవాయువును పీల్చుటకు ఇంచుమించు సమానము. శుద్ధ ప్రాణవాయువుతో దిగినవానికి 6 మీటర్లకే ఈ సంఖ్య 1.6, 18 మీటర్లకు 2.8. నల్లబల్లమీద రెండు నిమిషములలో వేయదగిన లెక్క ఇది. డైవరు ప్రాణము ఈ లెక్కమీదనే ఆధారపడి ఉన్నది.

ఈ లెక్కను చివరివరకు తీసికొనిపోయినచో ఒక వింత కనిపించును. విశాఖపట్టణమున హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన 'నిస్తార్' అను నౌక 2025 జూలైలో భారత నౌకాదళములో చేరినది. 300 మీటర్ల లోతువరకు డైవర్లను పంపి పని చేయించుటకు తగిన ఏర్పాట్లు అందులో ఉన్నవి. ఆ లోతున పీడనము 31 వాతావరణములు. అక్కడ మామూలు గాలిని పీల్చినచో ప్రాణవాయువు పాక్షిక పీడనము 6.5 అగును, ఏ మనిషియు దానిని తట్టుకొనలేడు. కనుక అంత లోతున రోజుల తరబడి ఉండు డైవర్లకు ఇచ్చు హీలియం మిశ్రమములో ప్రాణవాయువు నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్ళు మాత్రమే ఉండును. ఆ మిశ్రమమునే నేలమీద పీల్చినవాడు ప్రాణవాయువు చాలక కొద్ది ఊపిరులలోనే స్పృహ తప్పిపోవును. లోతున ప్రాణము నిలుపు వాయువు ఒడ్డున ప్రాణము తీయును.

ఈ వాయువుపై అనుమానము దానిని కనుగొన్నవానికే కలిగెను. ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1774లో పాదరస భస్మమును భూతద్దముతో వేడిచేసి ప్రాణవాయువును పట్టెను. దానిని తాను పీల్చి చూచి, రొమ్ము తేలికపడినట్లు తోచెనని సంతోషించెను. కాని ఆ వాయువులో క్రొవ్వొత్తి మరింత వేగముగ కాలిపోవుట ఆయన కంటబడినది. ప్రాణికూడ అందులో అట్లే త్వరగ తరిగిపోవునేమో అని ఆయన శంకించెను. రసాయన శాస్త్రమింకను బాల్యావస్థలో ఉన్న కాలమున ఇంత దూరదృష్టి మెచ్చుకొనదగినది.

శంకను ప్రయోగములతో తేల్చినది ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్. 1878లో వెలువడిన ఆయన గ్రంథములో వాయు పీడనమునుగూర్చిన ప్రయోగములు వందలకొలది ఉన్నవి. 15 నుండి 20 వాతావరణముల పీడనమున గాలిలో ఉంచిన భరతపక్షులకు మూర్ఛలు వచ్చెను. ఇది పీడనము వలననా, లేక ప్రాణవాయువు వలననా? శుద్ధ ప్రాణవాయువును వాడినప్పుడు, దానిలో సుమారు అయిదవ వంతు పీడనముననే అవే మూర్ఛలు కలిగెను. గాలిలో ప్రాణవాయువు అయిదవ వంతే గదా! దోషము పీడనముది కాదు, ప్రాణవాయువుదే అని తేలినది. పక్షులే గాక పురుగులు, వానపాములు, మొలకెత్తు గింజలు సైతము దీనిచే దెబ్బతినునని ఆయన చూపెను.

తరువాత 1899లో బ్రిటిషు వైద్యుడు జేమ్స్ లొరెయిన్ స్మిత్ ఇంకొక సంగతి బయటపెట్టెను. మూర్ఛలు రాని తక్కువ పీడనమున కూడ, ఎక్కువసేపు పీల్చినచో, ప్రాణవాయువు ఊపిరితిత్తులను వాపజేయును. అనగా ఈ విషమునకు రెండు రూపములు. ఒకటి మెదడుమీద పడునది. దానికి పీడనము ఎక్కువగ ఉండవలెను, కాలము నిమిషములే చాలును. రెండవది ఊపిరితిత్తులమీద పడునది. సగము వాతావరణము దాటిన పీడనముననే ప్రారంభమగును గాని గంటలు, రోజులు పట్టును. నీటిలోని డైవరుకు భయము మొదటిదానివలన. గదిలోని రోగికి రెండవదానినిగూడ లెక్కింపవలెను.

యుద్ధకాలపు పరీక్షలు

1939 జూన్ 1వ తేదీన లివర్‌పూల్ సమీపమున 'థీటిస్' అను బ్రిటిషు జలాంతర్గామి పరీక్షా ప్రయాణములో మునిగి 99 మంది మరణించిరి. ఆ ప్రమాదముపై విచారణలో పాల్గొన్న జె. బి. ఎస్. హాల్డేన్, తరువాత నౌకాదళముకొరకు పీడనగదిలో తనపైనను తన సహచరులపైనను ప్రయోగములు జరిపెను. ఏ రుచియు లేనిదని పాఠ్యపుస్తకములు చెప్పు ప్రాణవాయువు అధిక పీడనమున నాలుకకు రుచి తెలియునని ఆయన వ్రాసెను. ఒక ప్రయోగములో ప్రాణవాయువు వలన మూర్ఛ వచ్చి ఆయన వెన్నుపూసలు నలిగినవి. ఆ బాధ ఆయనను చాలకాలము వదలలేదు. ఈ హాల్డేనే 1957లో భారతదేశమునకు వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వరమున మరణించెను. తన దేహమును వైద్య విద్యార్థుల ఉపయోగమునకై కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వవలెనని ఆయన వ్రాసిపెట్టెను.

నీటికిని గదికిని గల భేదమును పట్టుకొన్నవాడు మాత్రము బ్రిటిషు నౌకాదళ వైద్యుడు కెన్నెత్ డోనాల్డ్. రెండవ ప్రపంచ యుద్ధములో శత్రునౌకల అడుగున రహస్యముగ బాంబులు కట్టుటకు పంపబడు డైవర్లు గాలి సిలిండర్లను వాడుటకు వీలులేదు. విడిచిన ప్రతి ఊపిరియు బుడగలుగ పైకి వచ్చి వారి జాడ తెలిపివేయును. కనుక వారు శుద్ధ ప్రాణవాయువును ఒక సంచిలో నింపుకొని, విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును సున్నపు మిశ్రమముతో పీల్పించి, మిగిలిన వాయువునే మరల మరల పీల్చుకొనుచుండిరి. బుడగలు రావు. కాని డైవర్లు అకారణముగ మూర్ఛపోవుచుండిరి. శిక్షణ తొట్టి అడుగున ఏదో భూతము పొంచియున్నదని వారు నవ్వులాటకు దానికి 'ఆక్సిజన్ పీట్' అని పేరు పెట్టిరి.

1942 మొదలు 1945 వరకు డోనాల్డ్ రెండువేలకు మించిన పరీక్షలు జరిపెను. పొడి పీడనగదిలో 3.7 వాతావరణముల పీడనమున 36 మంది ఆరోగ్యవంతులకు శుద్ధ ప్రాణవాయువు నిచ్చినప్పుడు, కొందరు 6 నిమిషములు దాటిన కొద్దిసేపటికే పడిపోయిరి. ఒకడు మాత్రము 96 నిమిషములు ఓర్చుకొనెను. ఎవరు ముందు పడిపోవుదురో పైకి చూచి చెప్పుటకు వీలులేకపోయినది. దానికన్నను విచిత్రమైన ఫలితము మరియొకటి. ఒకే డైవరును మూడు నెలల కాలములో 20 రోజులు, నీటిలో 70 అడుగుల లోతున పరీక్షించిరి. ఒకనాడు ఆతడు 148 నిమిషములు నిలిచెను. మరియొకనాడు 7 నిమిషములకే విషలక్షణములు కనిపించెను! నిన్న నాకు ఏమియు కాలేదు గనుక నేడును కాదు అని ఏ డైవరైన అనుకొనుటకు ఈ రెండు సంఖ్యలు చాలినంత జవాబు.

మూడవ ఫలితము మన ప్రశ్నకు నేరుగ సంబంధించినది. ఒకే పీడనమున, పొడి గదిలో కూర్చున్నవానికంటె నీటిలో మునిగియున్నవాడు చాల త్వరగ విషమునకు లోనయ్యెను. నీటిలో కష్టపడి పని చేసినవాడు ఇంకను త్వరగ లోనయ్యెను. శుద్ధ ప్రాణవాయువుతో 25 అడుగులకు, అనగా సుమారు 8 మీటర్లకు, దిగువకు పోవుట ప్రాణముతో జూదమాడుటయే అని డోనాల్డ్ తేల్చెను. ఈ పరిశోధనలు 1947లో బ్రిటిషు వైద్య పత్రికలో వెలువడినవి.

మెదడు వాకిట కాపలా

నీటిలో తేడా ఏల వచ్చును? ముఖ్యమైన దోషి ప్రాణవాయువు కాదు, దాని వెంట పెరుగు బొగ్గుపులుసు వాయువు.

రక్తములో ప్రాణవాయువు మోతాదు మించినప్పుడు మెదడులోని సన్నని రక్తనాళములు ముడుచుకొనును. రక్తము తక్కువగ పారుటచే మెదడు కణములకు చేరు ప్రాణవాయువు కొంతవరకు అదుపులో ఉండును. ఇది శరీరము ఏర్పరచుకొన్న కాపలా. బొగ్గుపులుసు వాయువు దీనికి పూర్తిగ విరుద్ధము. అది పెరిగినకొలది ఆ నాళములు వెడల్పగును. ఎడమచేతితో మూసిన తలుపును కుడిచేతితో తెరచినట్లు, ప్రాణవాయువుతో నిండిన రక్తము ఒక్కసారిగ మెదడులోనికి పొంగి వచ్చును.

పీడనగదిలో రోగి మంచముపై కదలక పరుండియుండును. ఊపిరి సాఫీగ ఆడును. పుట్టిన కొద్దిపాటి బొగ్గుపులుసు వాయువు ఎప్పటికప్పుడు బయటకు పోవును. డైవరు సంగతి అట్లు కాదు. ప్రవాహమునకు ఎదురీదుచు కాళ్ళ తెడ్లను కొట్టుచుండును. 18 మీటర్ల లోతున ఆతడు పీల్చు వాయువు నేలమీదికంటె దాదాపు మూడు రెట్లు చిక్కనిది. దానిని గొట్టముగుండ లాగుట, మరల నెట్టుట శ్రమతో కూడిన పని. రొమ్ముమీద నీటి ఒత్తిడి ఉండనే ఉన్నది. పైగా వాయువును పొదుపు చేయవలెనను తలంపుతో కొందరు ఊపిరిని బిగబట్టి బిగబట్టి పీల్తురు. శిక్షకులు ఎంత వారించినను ఈ అలవాటు పోవుట కష్టము. వీటన్నిటి ఫలితముగ రక్తములో బొగ్గుపులుసు వాయువు పేరుకొనును. నీటిలో మునిగియుండుటచే కాళ్ళలోని రక్తము రొమ్మువైపునకు జరుగుట, చలి, ఆందోళన కూడ తమ వంతు పాత్ర వహించుచున్నవి.

మెదడు కణములో ప్రాణవాయువు చేయు అపకారమేమి అను ప్రశ్నకు 1954లో అర్జెంటీనా దేశపు శాస్త్రజ్ఞురాలు రెబెకా గెర్ష్‌మన్ తన సహచరులతో కలసి ఒక మార్గము చూపెను. ఎక్స్-కిరణములు కణమును గాయపరచు విధమును, ప్రాణవాయువు గాయపరచు విధమును ఒకటే అని వారి వాదము. రెండింటను జత లేని ఎలక్ట్రానుగల అణువులు, అనగా స్వేచ్ఛా రాడికల్సు, పుట్టి దొరికినదాని నెల్ల కొరుకును. మొదట చాలమంది నమ్మలేదు. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అను అమెరికను శాస్త్రజ్ఞులు ఇట్టి రాడికల్సులో ముఖ్యమైన సూపర్ ఆక్సైడును అణచివేయుటకే శరీరములో ఒక ఎంజైము ఉన్నదని కనుగొనిరి. గాలి పీల్చు ప్రతి జీవియు తన ఊపిరిలోని విషమునకు విరుగుడును తనలోనే తయారు చేసికొనుచున్నది. పాక్షిక పీడనము మితిమీరినప్పుడు ఆ విరుగుడు చాలదు. అంతే.

గదిలో జరుగునది

ఇంత ప్రమాదము ఉన్నప్పుడు పీడనగదిలో దానిని వాడుట ఎందుకు? రక్తములో హీమోగ్లోబిను మోయు ప్రాణవాయువు 100 మిల్లీలీటర్ల రక్తమునకు సుమారు 20 మిల్లీలీటర్లు. రక్త ద్రవములో కేవలము కరిగియుండునది 0.3 మిల్లీలీటరు మాత్రమే. 3 వాతావరణముల పీడనమున శుద్ధ ప్రాణవాయువును పీల్చినప్పుడు కరిగిన భాగమే సుమారు 6 మిల్లీలీటర్లగును. విశ్రాంతిగ ఉన్న శరీరమునకు ఇది ఇంచుమించు చాలును. ఆమ్‌స్టర్‌డాములో శస్త్రవైద్యుడు బూరెమా తన 1960నాటి వ్యాసములో, పందిపిల్లల రక్తమును దాదాపు పూర్తిగ తీసివేసి, ఎఱ్ఱకణములు లేని ద్రవమును ఎక్కించి, 3 వాతావరణముల పీడనమున వాటిని బ్రతికించినట్లు చూపెను. బొగ్గుపొగలోని కార్బన్ మోనాక్సైడు హీమోగ్లోబినును ఆక్రమించినప్పుడు, రక్తము సరిగ అందక మధుమేహపు పుండు మానక వేధించినప్పుడు, కిరణ చికిత్స వలన కణజాలము దెబ్బతిన్నప్పుడు ఈ కరిగిన ప్రాణవాయువు అక్కరకు వచ్చును. ముసలితనమును పోగొట్టునని, అన్ని రోగములను మాన్పునని చెప్పు ప్రకటనలకు మాత్రము ఆధారము లేదు. వాటిని నమ్మి డబ్బు పోగొట్టుకొనుట తగదు.

నత్రజని బుడగల రోగములో లాభము రెండు విధములు. పీడనము పెరిగినప్పుడు బాయిల్ నియమము ప్రకారము బుడగ చిన్నదగును. రోగి పీల్చు వాయువులో నత్రజని లేకపోవుటచే బుడగలోని నత్రజని రక్తములోనికి, అక్కడనుండి ఊపిరితిత్తులలోనికి వేగముగ జారిపోవును. అమెరికా నౌకాదళము 1967లో ప్రవేశపెట్టిన పట్టిక ఇప్పటికిని లోకమంతట వాడుకలో ఉన్నది. అందులో 2.8 వాతావరణముల పీడనమున 20 నిమిషములు ప్రాణవాయువు, తరువాత 5 నిమిషములు మామూలు గాలి, మరల 20 నిమిషములు ప్రాణవాయువు. ఇట్లు కొంతసేపు జరిపి, పీడనమును 1.9కి తగ్గించి కొనసాగింతురు. చికిత్స మొత్తము 4 గంటల 45 నిమిషములు. నడుమ నడుమ ఇచ్చు ఆ 5 నిమిషముల గాలి చూచుటకు స్వల్పముగ తోచును గాని, కణములలోని విరుగుడు తేరుకొనుటకు అదియే గడువు. ఆ విరామములు లేక ఎడతెగక పీల్చినచో ఓర్పు చాల తగ్గిపోవును.

అయినను ఒక్కొక్కప్పుడు గదిలో కూడ మూర్ఛ వచ్చును. పెదవులు అదరుట, చూపు సొరంగములోనుండి చూచినట్లు ఇరుకగుట, చెవులలో హోరు, వికారము, చిరాకు, తలతిరుగుట ముందుగా కనిపింపవచ్చును. ఏ హెచ్చరికయు లేకుండనే రావచ్చును కూడ. అప్పుడు పక్కనున్న సహాయకుడు చేయునది చాల సులభము. మాస్కును తొలగించును. రోగి గదిలోని మామూలు గాలిని పీల్చును. రెండు మూడు నిమిషములలో ఈడ్పులు వాటంతట అవే ఆగిపోవును. మెదడునకు శాశ్వతమైన హాని సాధారణముగ ఉండదు. ఒక జాగ్రత్త మాత్రము తప్పనిసరి. ఈడ్పులు ఆగువరకు గదిలోని పీడనమును తగ్గింపరాదు. మూర్ఛలో గొంతు మూసికొనియుండును; పీడనము తగ్గినచో లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చివేయును. కంగారుపడి తలుపు తీయబోవుటయే పెద్ద పొరపాటు.

గదిలో చికిత్స పొందువారికి ఊపిరితిత్తుల సంగతి వేరుగ చూడవలసియున్నది. రోజుల తరబడి దీర్ఘ చికిత్సలు సాగినచో రొమ్ములో మంట, పొడిదగ్గు ప్రారంభమై, ఒక్క ఊపిరిలో పీల్చగల గాలి పరిమాణము తగ్గును. అనేక వారముల చికిత్సలో కొందరికి తాత్కాలికముగ హ్రస్వదృష్టి కలుగును. ఇక నిప్పు భయము సరేసరి. రోగి జేబులో అగ్గిపెట్టె కాదుగదా, నూనె రాచుకొన్న జుట్టును కూడ లోపలికి రానీయరు.

లోతునకు గీచిన గీత

సరదాకై, వృత్తికై నీటిలో దిగు డైవర్లు నేడు పాటించు హద్దు, పనిలో ఉన్నప్పుడు 1.4 వాతావరణములు, కదలక వ్రేలాడుచు పీడనము తగ్గించుకొను వేళ 1.6. గదిలోని 2.8తో పోల్చినచో ఇది సగము. అమెరికా జాతీయ సాగర, వాతావరణ సంస్థ పట్టిక ప్రకారము 1.6 వద్ద ఒక మునకలో 45 నిమిషములు, 1.4 వద్ద 150 నిమిషములు మించరాదు. డోనాల్డ్ డైవరు 148 నిమిషములను, 7 నిమిషములను తలచుకొన్నచో ఈ హద్దు ఇంత తక్కువగ ఏల ఉన్నదో తెలియును. రోజుకొక విధముగ మారు శరీరమును అంచువరకు నమ్ముకొనుటకు వీలులేదు.

నైట్రాక్సు అను మిశ్రమములో ప్రాణవాయువును నూటికి 32 పాళ్ళకు పెంచుదురు. నత్రజని తక్కువగుటచే బుడగల భయము తగ్గి, డైవరు ఎక్కువసేపు లోతున ఉండగలడు. కాని 1.4ను 0.32తో భాగించి చూడవలెను: 4.37 వాతావరణములు, అనగా 33 మీటర్లు. ఆ గీత దాటరాదు. మామూలు గాలితో అదే హద్దు 56 మీటర్లు. బుడగల బెడద తగ్గించుకొనబోయినవాడు ప్రాణవాయువు హద్దును తన దగ్గరకు తెచ్చుకొనుచున్నాడన్నమాట. అందుచేత సిలిండరు నింపించుకొన్న ప్రతి డైవరు దానిలోని ప్రాణవాయువును మీటరుతో తానే కొలిచి, పాళ్ళను, తగిన లోతును పెద్ద అక్షరములతో సిలిండరుపై అంటించుకొనవలెను. దుకాణదారు మాటను నమ్మి కొలువకుండ దిగినవారు కొందరు మరణించియున్నారు.

చాల లోతునకు పోవువారు మూడు నాలుగు సిలిండర్లు మోయుదురు. లోతునకు ఒకటి, తిరిగి వచ్చునప్పుడు నడుమ సగము ప్రాణవాయువుగలది ఒకటి, 6 మీటర్లలో పీల్చుటకు శుద్ధ ప్రాణవాయువు ఒకటి. చీకటిలో, చలికి వేళ్ళు మొద్దుబారినప్పుడు, 40 మీటర్ల లోతున సగము ప్రాణవాయువుగల సిలిండరు గొట్టమును పొరపాటున నోట పెట్టుకొన్నచో పాక్షిక పీడనము 2.5 అగును. గదిలోనైన ఇది మామూలు చికిత్సా మోతాదు. అక్కడ అది చావునకు దారి. కనుక శిక్షణలో గొట్టము మార్చుటకు ముందు పేరు చదువుట, లోతు చూచుట, గొట్టమును వ్రేలితో సిలిండరువరకు తడిమి చూచుట, తోడివానికి చూపుట అను క్రమమును వందలసార్లు చేయింతురు.

తోటి డైవరుకు నీటిలో మూర్ఛ వచ్చినప్పుడు ఏమి చేయవలెనను విషయము శిక్షణలోని మిక్కిలి కఠినమైన పాఠము. నోటిలో గొట్టము ఉన్నచో దానిని అదిమిపట్టి, ఈడ్పులు సద్దుమణిగిన పిమ్మట పైకి తేవలెను. గదిలో పీడనము తగ్గింపకుండుటకు ఏది కారణమో ఇక్కడను అదియే కారణము. గొట్టము జారిపోయినచో వేచియుండుటకు వీలులేదు. ఊపిరితిత్తుల ప్రమాదము ఉన్నను వెంటనే పైకి తీసికొనిపోవలెను, నీటిలో మునిగి చచ్చుట అంతకన్న నిశ్చయము గనుక. ఈ నిర్ణయము చేయుటకు తోడివానికి లభించునది కొన్ని క్షణములు. అందుచేతనే నౌకాదళ డైవర్లు, ప్రాణవాయువు ఎక్కువగల మిశ్రమములను వాడువారు, ముఖమంతయు కప్పు మాస్కును గాని, నోటిగొట్టము జారకుండ తలవెనుకకు బిగించు పట్టీని గాని ధరింతురు. మూర్ఛ వచ్చినను నీరు లోపలికి పోక, ఊపిరి ఆడుచుండును. పీడనగదిలోని రోగికి సహజముగ ఉన్న సౌకర్యము డైవరుకు ఆ పట్టీ వలన కొంతవరకైన చేకూరును.